పైలట్ల కొత్త ఒప్పందం: ఎంత శాతం అడగాలి, సమ్మె నోటీసు ఎప్పుడివ్వాలి?

గుంటూరుకు చెందిన ఒక ఫస్ట్ ఆఫీసర్, అంటే కో-పైలట్, అడిగిన ప్రశ్న ఇది. ఆయన పనిచేసే ఎయిర్‌లైన్‌లో పైలట్లకు యూనియన్ ఉంది, పాత ఒప్పందం గడువు ముగియబోతోంది, కొత్తదాని కోసం చర్చలకు వెళ్లే కమిటీలో ఈయన్ని కూడా వేశారు. అమెరికాలో డెల్టా ఎయిర్‌లైన్స్ పైలట్లకు జీతం 34 శాతం పెరిగింది కదా, మనమూ 30, 35 శాతం అడగొచ్చా, ముందే సమ్మె నోటీసు ఇచ్చేస్తే మేనేజ్‌మెంట్ దిగొస్తుందా అని అడుగుతున్నారు.

సూటిగా చెబుతాను. శాతం సంగతి ఆఖరున పెట్టుకోండి. ముందు గ్యారంటీ గంటలు (ఎగిరినా ఎగరకపోయినా నెలకు డబ్బు ఖాయంగా వచ్చే గంటలు), డ్యూటీ లెక్క, రోస్టర్ (నెల డ్యూటీల పట్టిక) మార్పుల నిబంధనలు తేల్చుకోండి. సమ్మె నోటీసు ఇప్పుడు అస్సలు వద్దు, అది ఇచ్చాక చర్చలు ఎప్పుడు జరగాలో, ఎంతకాలం సాగాలో మీ చేతిలో ఉండదు. ఇక డెల్టా అంకె చూసి మన అంకె వేసుకోకూడదు, ఎందుకో కింద వివరంగా రాస్తాను.

నేను విజయవాడ గవర్నర్‌పేటలో లేబర్ కేసులు చూసే లాయర్‌ని. పాతికేళ్లకు పైగా కార్మిక సంఘాల తరఫునే పనిచేస్తున్నాను, ఎక్కువగా రవాణా రంగం, కొన్నేళ్లుగా విమానయాన ఉద్యోగుల సంఘాలు కూడా వస్తున్నాయి. డిమాండ్ల పత్రం రాయడం, చర్చల్లో కమిటీ పక్కన కూర్చోవడం, కుదిరిన ఒప్పందాన్ని అక్షరం అక్షరం చదవడం నా పని. కాబట్టి విమానం నడపడం గురించి మీకు చెప్పేంతవాణ్ణి కాదు గానీ ఒప్పందాల్లో డబ్బు ఎక్కడి నుంచి జారిపోతుందో మాత్రం బాగా తెలుసు.

మీ జీతం స్లిప్పు ఒకసారి పక్కన పెట్టుకుని ఇది చదవండి. పైలట్ జీతంలో ఒక భాగం ఫిక్స్‌డ్, పెద్ద భాగం ఫ్లయింగ్ అలవెన్స్, అంటే గంటకింత అని. ఆ గంట ఏమిటి? విమానం పార్కింగ్‌లోంచి కదిలిన దగ్గర్నుంచి మళ్లీ పార్కింగ్‌లో ఆగేదాకా, బ్లాక్ టైమ్. మన ఆర్టీసీ డ్రైవర్లను అడిగితే ఈ తేడా నిమిషంలో చెబుతారు, వాళ్ల భాషలో స్టీరింగ్ అవర్స్ వేరు, స్ప్రెడోవర్ వేరు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు పని 8 గంటలని, మధ్యలో విరామాలతో కలిపి స్ప్రెడోవర్ 12 గంటలు దాటకూడదని పెట్టింది కూడా ఈ తేడా వల్లే. మీకూ అంతే. శంషాబాద్‌లో రిపోర్ట్ చేసి, గన్నవరం వెళ్లి వెనక్కొచ్చి, మళ్లీ ఇంకో ఊరు వెళ్లి వచ్చారనుకోండి, అలవెన్స్ లెక్కకొచ్చేది నాలుగైదు గంటలు, యూనిఫాం వేసుకుని ఉండేది తొమ్మిది పది గంటలు. మధ్యలో పొగమంచుకో, స్లాట్ దొరక్కో గన్నవరంలో రెండు గంటలు కూర్చుంటే ఆ రెండు గంటలకి ఎవరు డబ్బిస్తారు? మీ ఒప్పందంలో దానికి జవాబు ఉందా? చాలా ఒప్పందాల్లో ఉండదు.

ఇప్పుడు శాతం ఎందుకు మోసం చేస్తుందో లెక్క వేసి చూద్దాం. అంకెలు ఉదాహరణ కోసం నేను వేసుకున్నవే. పాత ఒప్పందంలో నెలకు 70 గంటలు గ్యారంటీ, గంటకు 5,000 రూపాయలు అనుకుందాం. విమానం ఎక్కినా ఎక్కకపోయినా 3,50,000 ఖాయం. కొత్త ఒప్పందంలో మేనేజ్‌మెంట్ రేటు 20 శాతం పెంచి 6,000 చేసింది, గ్యారంటీ మాత్రం 40 గంటలకు తెచ్చింది. బాగా తిప్పిన నెలలో, అంటే 80 గంటలు ఎగిరితే, పాత లెక్కలో 4,00,000 వచ్చేది, ఇప్పుడు 4,80,000 వస్తుంది. అందరూ పండగ చేసుకుంటారు. మరి విమానాలు ఇంజిన్ల కోసం నేలమీద ఆగిపోయిన నెలలోనో, వానాకాలం డల్ సీజన్‌లోనో 40 గంటలే వేస్తే? 2,40,000. పాతదానికంటే 1,10,000 తక్కువ. 20 శాతం పెంపు తీసుకున్న మనిషి ఆ నెల ఈఎంఐ కట్టడానికి వెతుక్కోవాలి. ఎన్ని గంటలు వేయాలో రాసేది మీరు కాదు, కంపెనీ రోస్టర్ సెక్షన్. కాబట్టి గ్యారంటీ తగ్గించి రేటు పెంచడమంటే వ్యాపారంలో నష్టభయం మీ ఇంటికి పంపడమే.

ఇది ఊహించి చెప్పే సంగతి కాదు. ఎయిరిండియా 2022 జనవరిలో టాటాల చేతికి వెళ్లాక, 2023 ఏప్రిల్లో కొత్త జీతభత్యాలు ప్రకటించినప్పుడు అక్కడి రెండు పైలట్ సంఘాలు, ఇండియన్ కమర్షియల్ పైలట్స్ అసోసియేషన్, ఇండియన్ పైలట్స్ గిల్డ్, అభ్యంతరం చెప్పిన వాటిలో ముఖ్యమైనది సరిగ్గా ఇదే, గ్యారంటీ 70 గంటలు ఉండాల్సింది 40కి కుదించారని. రెండో అభ్యంతరం ఇంకా లోతైనది. సీనియర్ కమాండర్లను మేనేజ్‌మెంట్ కేడర్‌గా చూపడం. మేనేజ్‌మెంట్ అయిపోయిన మనిషి వర్కర్ కాదు, వర్కర్ కానివాడికి యూనియన్ తరఫున వివాదం లేవనెత్తడం కష్టమవుతుంది. అంటే బాగా అనుభవమున్న, కంపెనీకి బాగా అవసరమైన కెప్టెన్లు సంఘంలోంచి మెల్లగా జారిపోతారు. మీ ముసాయిదాలో హోదాలు మార్చే క్లాజు ఏ మూల ఉన్నా, జీతం అంకె చూసేముందు దాన్ని చూడండి.

చర్చలకు వెళ్లేముందు చేయాల్సిన ఇంటిపని. ఒక సంఘం విషయంలో జరిగింది చెబుతాను. రోస్టర్ మాటిమాటికీ మారుస్తున్నారని పైలట్లందరి గోల. అయితే గోల టేబుల్ దగ్గర పనిచేయదు. ఆ కమిటీలో ఇద్దరు కుర్ర ఫస్ట్ ఆఫీసర్లు కూర్చుని, నెల మొదట్లో ఇచ్చిన రోస్టర్ ఎడమవైపు, నిజంగా చేసిన డ్యూటీలు కుడివైపు పెట్టి, మారిన ప్రతి గడినీ ఎర్రగా చేసి, మూడు నెలలవి ప్రింట్ తీశారు. ఏ మార్పు ఎన్ని గంటల ముందు మెసేజ్ వచ్చిందో పక్కనే రాశారు. మీటింగ్‌లో హెచ్‌ఆర్ పెద్దాయన, రోస్టర్ మార్పులు ఎక్కడో ఒకటీ అరా ఉంటాయండీ, ఏ ఎయిర్‌లైన్‌లో అయినా తప్పదు అన్నారు. మా కెప్టెన్ ఒక్క మాట మాట్లాడకుండా ఆ కట్ట ఆయన ముందుకి జరిపారు. ఆయన నాలుగు పేజీలు తిప్పి పక్కనున్న ఆపరేషన్స్ మనిషి వైపు చూశారు. ఆ ఆపరేషన్స్ మనిషి లాప్‌టాప్‌లో రెండు మూడు తేదీలు సరిచూసుకుని, "ఇవి కరెక్టే సార్" అన్నాడు. ఆ మాట తర్వాతే అసలు చర్చ మొదలైంది. ఫలానా గంటల లోపు రోస్టర్ మారిస్తే ఇంత అలవెన్స్, సెలవు రోజున పిలిస్తే బదులు సెలవుతో పాటు అదనంగా ఇంత, అని రాయించుకోగలిగారు. కంపెనీకి దానివల్ల ఖర్చయ్యింది, నిజమే, కానీ ఆ ఖర్చు భయంతో రోస్టర్ మార్పులే తగ్గాయి, పైలట్లకు కావాల్సిందీ అదే.

కాబట్టి ఇవాళే మొదలెట్టండి. మీ సభ్యుల రోస్టర్లు, జీతం స్లిప్పులు, లే-ఓవర్ (డ్యూటీ మీద వేరే ఊళ్లో బస) బిల్లులు, స్టాండ్‌బైలో, అంటే పిలిస్తే వెళ్లడానికి సిద్ధంగా ఉండే డ్యూటీలో, ఎన్నిసార్లు పిలిచారో, అన్నీ. స్టాండ్‌బై సంగతి ప్రత్యేకంగా చూడండి. ఇంట్లో ఏడు గంటలు స్టాండ్‌బైలో ఉండి, ఎనిమిదో గంటలో ఫోన్ వస్తే, డబ్బు లెక్కలో ఆ ఏడు గంటలు ఏమయ్యాయి? స్టాండ్‌బై గంటలకి ఎంతోకొంత వంతు క్రెడిట్ ఇవ్వాలన్నది న్యాయమైన డిమాండ్, దీనికి ఖర్చు కూడా కంపెనీ భయపడేంత ఉండదు.

ఇక్కడే డీజీసీఏ, అంటే దేశంలో విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ, నిబంధనల మాట. చాలామంది పైలట్లు విశ్రాంతి నిబంధనలు డీజీసీఏ చూసుకుంటుంది, మనం డబ్బు చూసుకుందాం అనుకుంటారు. అలా అనుకోవద్దు. 2024 జనవరిలో వచ్చిన కొత్త డ్యూటీ టైమ్ నిబంధనల్లో వారపు విశ్రాంతి 36 గంటల నుంచి 48కి పెంచారు, రాత్రి ల్యాండింగ్‌లు ఆరు నుంచి రెండుకు తగ్గించారు. అమలు వాయిదా పడుతూ, చివరికి కోర్టు దాకా వెళ్లి, 2025 జులైలో ఒక విడత, నవంబర్‌లో రెండో విడత అమల్లోకి వచ్చాయి. డిసెంబర్‌లో ఏమైందో దేశమంతా చూసింది, ఇండిగో విమానాలు వేలల్లో రద్దయ్యాయి, గన్నవరంలో కూడా జనం బ్యాగులు పట్టుకుని కౌంటర్ల దగ్గర నిలబడ్డారు, డీజీసీఏ ఆ కంపెనీకి 2026 ఫిబ్రవరి 10 వరకు కొన్ని సడలింపులు ఇవ్వాల్సి వచ్చింది. దీన్నుంచి మీరు పట్టుకోవాల్సింది ఏమిటంటే, నిబంధన వాయిదా పడొచ్చు, సడలించొచ్చు, అది మీ చేతిలో లేదు. అదే విశ్రాంతి మీ ఒప్పందంలో క్లాజుగా ఉంటే డీజీసీఏ సడలించినా కంపెనీ మీ సంఘాన్ని అడగాలి. ఈ అవకాశాన్ని వదులుకోవద్దు. డీజీసీఏది కనీసం, దాని మీద మీరు ఎంత కట్టుకుంటారన్నదే బేరం.

సరే, అమెరికా. డెల్టా పైలట్ల ఒప్పందం 2023 మార్చి 1న ఆమోదం పొందింది, ఒప్పంద కాలంలో మొత్తం కలిపి 34 శాతం, అందులో మొదటి విడతే 18. మీరు చూసిన అంకె నిజమే. కానీ ఆ అంకె వెనక ఏముందో చూడండి. పాత ఒప్పందం 2019 ఆఖరుకే సవరణకి వచ్చింది, అంటే మూడేళ్లకు పైగా ఆగారు, మధ్యలో కోవిడ్. కోవిడ్‌లో ఎంతోమంది సీనియర్లకు ముందస్తు రిటైర్మెంట్ ఇచ్చి పంపారు, తర్వాత జనం ఒక్కసారిగా విమానాలెక్కారు, నడిపేవాళ్లు చాల్లేదు. అదే డెల్టా పైలట్లు 2004లో కంపెనీ మునిగిపోతుంటే 32.5 శాతం జీతం కోత ఒప్పుకున్నారు, అయినా మరుసటి ఏడాది కంపెనీ దివాలా కోర్టుకెక్కింది. ఈ చరిత్ర అంతా ఆ 34లో ఉంది. దాన్ని తెచ్చి మన టేబుల్ మీద పెడితే మేనేజ్‌మెంట్ లాయర్‌కి రెండు నిమిషాల పని.

చట్టం కూడా వేరు. అక్కడ ఎయిర్‌లైన్స్‌కి రైల్వే లేబర్ యాక్ట్ వర్తిస్తుంది, 1926లో రైల్వేల కోసం చేసి 1936లో విమానాలకు విస్తరించారు. దాని ప్రకారం ఒప్పందం గడువు తీరినా రద్దవదు, కొత్తది కుదిరేదాకా పాతదే నడుస్తుంది. మధ్యవర్తిత్వ బోర్డు (నేషనల్ మీడియేషన్ బోర్డు) ఇక కుదరదు అని వదిలేదాకా సమ్మె చేయడానికి లేదు, వదిలాక 30 రోజులు ఆగాలి, అప్పుడు కూడా అధ్యక్షుడు ఎమర్జెన్సీ బోర్డు వేసి ఆపొచ్చు. అందుకే అక్కడ సమ్మెలు చాలా అరుదు. 2001లో కామ్‌ఎయిర్ పైలట్లు 89 రోజులు చేశారు, 2010లో స్పిరిట్ పైలట్లు అయిదు రోజులు చేశారు, అలా వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

అక్కడి నుంచి తెచ్చుకోదగ్గవి మాత్రం ఉన్నాయి. 2022 అక్టోబర్‌లో డెల్టా పైలట్లు సమ్మెకు అనుమతిస్తూ ఓటేశారు, 99 శాతం. సమ్మె చేయలేదు. ఆ ఓటు టేబుల్ మీద ఉంటే చాలింది. అదే ఏడాది నవంబర్‌లో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ పైలట్లు తమ నాయకులు ఒప్పుకొచ్చిన ముసాయిదానే 94 శాతం ఓట్లతో తిప్పికొట్టారు, తర్వాత 2023లో ఇంకా మెరుగైనది వచ్చాకే ఆమోదించారు. ఈ రెండింటిలోనూ బలం కమిటీలో లేదు, సభ్యుల ఓటులో ఉంది. మీరు కూడా చర్చలు మొదలయ్యే ముందే జనరల్ బాడీ పెట్టి, ఏది లేకపోతే సంతకం పెట్టకూడదో రహస్య ఓటింగ్‌తో తేల్చుకోండి, చివరి ముసాయిదాని మళ్లీ జనరల్ బాడీ ఆమోదానికి పెడతామని మొదటి మీటింగ్‌లోనే మేనేజ్‌మెంట్‌కి రాతపూర్వకంగా చెప్పండి. అప్పుడు రాత్రి ఒంటిగంటకి "ఇప్పుడే సంతకం పెడితేనే ఈ ఆఫర్" అని ఒత్తిడి చేసినా, మా చేతుల్లో లేదండీ అని నిజాయతీగా చెప్పగలుగుతారు.

ఇప్పుడు సమ్మె నోటీసు. 2025 నవంబర్ 21 నుంచి పారిశ్రామిక సంబంధాల కోడ్ అమల్లోకి వచ్చింది. నోటీసు ఇవ్వకుండా సమ్మె చేయకూడదు, ఇచ్చాక 14 రోజులు ఆగాలి, ఇచ్చిన 60 రోజుల లోపే చేయాలి. విమాన సర్వీసులకు నోటీసు నిబంధన పాత చట్టంలోనూ ఉంది, అది కొత్త కాదు. అసలు పట్టు ఎక్కడుందంటే, నోటీసు అందగానే కార్మిక శాఖ రాజీ అధికారి ఇరుపక్షాలనూ పిలుస్తారు, మొదటి మీటింగ్ జరిగిన రోజు నుంచి రాజీ ప్రక్రియ మొదలైనట్టు లెక్క, ఆ ప్రక్రియ నడుస్తున్నంతకాలం, అది ముగిశాక ఏడు రోజులు, సమ్మె చేస్తే చట్టవిరుద్ధం. ట్రిబ్యునల్‌కి వెళ్తే ఆ విచారణ సాగినంతకాలం, తర్వాత 60 రోజులు కూడా అంతే. కాబట్టి తొందరపడి నోటీసు ఇస్తే మీరు అనుకున్న సమ్మె జరగదు, చర్చ మాత్రం కంపెనీ బోర్డ్‌రూమ్‌లోంచి కేంద్ర లేబర్ కమిషనర్ ఆఫీసుకి మారుతుంది. ఎయిర్‌లైన్స్ కేంద్రం పరిధి, రాష్ట్ర లేబర్ ఆఫీసుకి వెళ్లి ప్రయోజనం లేదు.

అలాగని రాజీ అధికారి దగ్గరికి వెళ్లడం చెడ్డదని కాదు. నేరుగా చర్చలు చేసి, ఏ క్లాజులు కుదిరాయో, ఏవి కుదరలేదో మినిట్స్‌లో రాయించుకుని, ఇరుపక్షాల సంతకాలయ్యాక, ఆ మిగిలిన మూడు నాలుగు అంశాల కోసం వెళ్తే చాలా మంచిది. రాజీ నడుస్తున్నప్పుడు ఆ వివాదానికి సంబంధించిన సర్వీసు కండిషన్లను కంపెనీ మీకు నష్టం జరిగేలా మార్చకూడదు, అది మీకు రక్షణ. ఏమీ మాట్లాడకుండా ఖాళీ చేతులతో వెళ్తేనే ఇబ్బంది.

సామూహిక సిక్ లీవుల గురించి మీరు అడగలేదు గానీ మీ వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒకరు అంటారు, అందుకే రాస్తున్నాను. వద్దు. కొత్త కోడ్ ప్రకారం ఒకే రోజు సగం మంది లేదా అంతకంటే ఎక్కువమంది కూడబలుక్కుని క్యాజువల్ లీవ్ పెడితే అది కూడా సమ్మే. 2024 మేలో ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్ క్యాబిన్ సిబ్బంది ఒకేసారి సిక్ అన్నప్పుడు పాతిక మందిని తీసేశారు, లేబర్ కమిషనర్ సమక్షంలో కూర్చున్నాక వెనక్కి తీసుకున్నారు. అక్కడ బయటపడ్డారు. 2012లో ఎయిరిండియా పైలట్ల సంఘం 58 రోజులు సమ్మె చేసింది, వందమందికి పైగా పైలట్ల ఉద్యోగాలు పోయాయి, సంఘం గుర్తింపు రద్దయింది, చివరికి కోర్టులో హామీ ఇచ్చి డ్యూటీకి వెళ్లాల్సొచ్చింది. ఇంకో కారణం కూడా ఉంది, నాకు అన్నిటికంటే ముఖ్యమైనది అదే. పైలట్ నిజంగా అలసిపోయినప్పుడు నేను ఫిట్‌గా లేను అని చెప్పగలగడం ప్రయాణికుల ప్రాణాలకు సంబంధించిన హక్కు. దాన్ని బేరానికి వాడితే, రేపు నిజంగా జ్వరమొచ్చిన ఫస్ట్ ఆఫీసర్ మాటని కూడా కంపెనీ అనుమానిస్తుంది. ఆ హక్కు జోలికి వెళ్లొద్దు, దయచేసి.

ఇక మీ ప్రశ్నలో లేని ఒక అంశం. మీది ట్రేడ్ యూనియన్‌గా రిజిస్టర్ అయిందా, లేక సొసైటీ కింద నడిచే అసోసియేషనా? ఇది ముందు చూసుకోండి. కొత్త కోడ్‌లో బేరం చేసే హక్కు రిజిస్టర్డ్ ట్రేడ్ యూనియన్‌కే. ఒకటికంటే ఎక్కువ సంఘాలుంటే మస్టర్ రోల్ (ఉద్యోగుల హాజరు పట్టీ) మీద 51 శాతం మద్దతు ఉన్న సంఘం ఏకైక బేరసారాల సంఘం అవుతుంది. ఎవరికీ అంత లేకపోతే కనీసం 20 శాతం మద్దతు ఉన్న సంఘాలన్నీ కలిసి కౌన్సిల్‌గా కూర్చోవాలి. మీ సభ్యత్వ రసీదులు, చందా లెక్కలు సరిగ్గా లేకపోతే మొదటి మీటింగ్‌లోనే "అసలు మీరెవరు" అన్న దగ్గర ఆగిపోతారు.

మీరు ఫస్ట్ ఆఫీసర్ కాబట్టి, తమ్ముడూ, మీ వైపు నుంచి ఒక మాట. కమిటీలో ఎక్కువమంది కెప్టెన్లే ఉంటారు, వాళ్లు చెడ్డవాళ్లని కాదు, వాళ్లకి వాళ్ల సమస్యలు ముందు గుర్తొస్తాయి. శాతం అన్నది ఎప్పుడూ ఎక్కువ జీతం ఉన్నవాడికే ఎక్కువ ఇస్తుంది. అదే 15 శాతం కెప్టెన్‌కి లక్ష అయితే మీకు అందులో సగం కూడా రాకపోవచ్చు. కింది స్థాయికి శాతంతో పాటు ఒక కనీస మొత్తం కూడా పెట్టించండి. దానితో పాటు బాండ్, అంటే ఫలానా కాలం లోపు మానేస్తే కంపెనీకి డబ్బు కట్టాలన్న ఒప్పందం. మన గుంటూరు, తెనాలి, బాపట్ల వైపు పిల్లలు చాలామంది పొలం తాకట్టు పెట్టో, బ్యాంకు లోను తీసుకునో లైసెన్సు, టైప్ రేటింగ్ (ఫలానా రకం విమానం నడిపే అర్హత) చేసి వస్తున్నారు. వాళ్ల తల్లిదండ్రులు కొంతమంది నా దగ్గరికి కాగితాలు పట్టుకొచ్చారు కూడా. బాండ్ మొత్తం ఏటేటా తగ్గాలి, కంపెనీయే శిక్షణ ఆలస్యం చేసిన నెలలు బాండ్ కాలంలో కలవాలి, కంపెనీ విమానాలు నిలిపేస్తే బాండ్ రద్దవ్వాలి. అసలే డీజీసీఏ 2017 నిబంధన ప్రకారం కో-పైలట్‌కి ఆరు నెలలు, కమాండర్‌కి (కెప్టెన్‌కి) ఏడాది నోటీసు పీరియడ్ ఉంది. వెళ్లిపోతానన్న బెదిరింపు మీ చేతిలో పెద్దగా లేదు. అందుకే ఉన్నన్నాళ్లూ నడిచే షరతులే మీకు ముఖ్యం. కమాండ్ అప్‌గ్రేడ్ (కెప్టెన్‌గా ప్రమోషన్) సీనియారిటీ లిస్టు కూడా ఒప్పందానికి అనుబంధంగా పెట్టించండి. 2007లో ఎయిరిండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ విలీనమయ్యాక సీనియారిటీ, జీతాల సమానత్వం తేలక ఎన్నేళ్లు గొడవలు నడిచాయో, 2011లో దాని మీదే సమ్మె ఎలా వచ్చిందో మీ సీనియర్లను అడగండి.

కంపెనీకి ఇచ్చే స్తోమత ఉందా అన్నది కూడా మీరే తేల్చుకోవాలి, వాళ్లు చెప్పిందే నమ్మొద్దు, మరీ కొట్టిపారేయొద్దు. లిస్టెడ్ కంపెనీ అయితే వార్షిక నివేదిక అందరికీ దొరుకుతుంది. ఇండిగో 2023-24లో 8,172 కోట్ల లాభం చూపించింది, అలాంటి కంపెనీ దగ్గర ఒక మాట. 2019 ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేస్, 2023 మేలో గో ఫస్ట్ ఆగిపోయిన తీరు చూశాక ఇంకో మాట. అప్పుల్లో ఉన్న కంపెనీ 30 శాతం ఒప్పుకుని సంతకం పెట్టినా అది రాకపోతే ఏం చేస్తారు? అలాంటి చోట రేటు కాస్త తగ్గించుకుని, జీతం ఫలానా తేదీ దాటితే వడ్డీ, బకాయిలు మొదట తీర్చాలి, లైసెన్సు పోతే వచ్చే బీమా ప్రీమియం కంపెనీయే నెలనెలా కట్టిన రుజువు చూపాలి, ఇలాంటివి అడిగితే ఎక్కువ లాభం.

అంకె ఎలా కట్టాలో అడిగారు కాబట్టి, నేను సంఘాలకు చెప్పే పద్ధతి ఇది. గత ఒప్పందం నుంచి ధరలు ఎంత పెరిగాయో ముందు వేయండి, అది జీతం పెంపు కాదు, పోయింది తిరిగి రావడం. తర్వాత పోటీ ఎయిర్‌లైన్స్‌లో అదే విమానం, అదే సీనియారిటీకి ఎంత ఇస్తున్నారో కనుక్కోండి, గంట రేటు ఒక్కటే కాదు, గ్యారంటీతో కలిపి. ఆపైన పైన చెప్పిన షరతులన్నీ ఎన్ని కుదిరాయో చూసి, వాటికి కంపెనీకి అయ్యే ఖర్చు లెక్కగట్టి, అప్పుడు మిగిలింది శాతంగా అడగండి. అలా వచ్చిన అంకెకి ప్రతి రూపాయికీ కాగితం ఉంటుంది.

సంతకం దగ్గర రెండు జాగ్రత్తలు. ఒకటి, అమలు తేదీ. ఒక రవాణా సంఘం చర్చలు ఏడాదికి పైగా లాగారు, చివరికి మంచి పెంపు వచ్చింది, ముసాయిదాలో మాత్రం "ఒప్పందం తేదీ నుంచి" అని ఉంది. పాత గడువు ముగిసిన రోజు నుంచి అని మార్పించడానికి ఇంకో వారం కూర్చున్నాం, ఆ వారానికి ఏడాది బకాయిలు వచ్చాయి. రెండోది, కుదిరిన ఒప్పందం కంపెనీకీ మీకూ మధ్య విడిగా జరిగితే అది సంతకం పెట్టినవాళ్లకే వర్తిస్తుంది. అదే రాజీ అధికారి సమక్షంలో జరిగితే సభ్యులు కానివాళ్లకీ, రేపు కొత్తగా చేరేవాళ్లకీ కూడా వర్తిస్తుంది. అప్పుడు కంపెనీ కొత్తవాళ్లను తక్కువ షరతుల మీద తీసుకుని మీ పక్క సీట్లో కూర్చోబెట్టలేదు. అన్నీ బయట కుదిరినా సరే, ఆఖరి సంతకం అక్కడే పెట్టండి.

కమిటీ మీటింగుల్లో మీ తరఫున ఒక్కరే మాట్లాడాలి, మిగతావాళ్లు రాసుకోవాలి, విభేదం వస్తే బయటికొచ్చి మాట్లాడుకోవాలి. ఆ రోజు ఏం జరిగిందో సభ్యులకి ఒకే సందేశం కమిటీ పేరుతో వెళ్లాలి, ఎవరికి వాళ్లు గ్రూపుల్లో పెడితే మర్నాడు పొద్దునకల్లా అది మేనేజ్‌మెంట్ ఫోన్లో ఉంటుంది.

మీ యూనియన్ రిజిస్ట్రేషన్ ఏ చట్టం కింద ఉంది, పాత ఒప్పందంలో గ్యారంటీ, స్టాండ్‌బై, రోస్టర్ మార్పు క్లాజులు ఏమని ఉన్నాయి, గడువు ఏ తేదీకి ముగుస్తుంది, ఈ మూడూ కంపెనీ పేరు లేకుండా కింద రాయండి. చూసి డిమాండ్ల పత్రం ఏ వరసలో పెట్టుకోవాలో చెబుతాను.